ఎత్తని ఫోన్లు నడిచొచ్చిన బుధవారం

మా అక్క ఏడింటికి వస్తుంది. ఏడూ పదికి మళ్ళీ వస్తుంది. మొదట వచ్చిన అక్క అరుగు మీది కుర్చీలో ఇంకా చెమట తుడుచుకుంటూనే ఉంది కాబట్టి రెండో అక్కకి పీట వేస్తాను.

ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోరు. పలకరించుకోవడానికేముంది, ఇద్దరూ మా రాజ్యం అక్కే. మొదటి ఆమె ఆకుపచ్చ వెంకటగిరి చీరలో ఉంది. రెండో ఆమె నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉంది. ఫోన్ చేసిన వేళకి ఒంటిమీద ఏది ఉంటే దాంతోనే బయల్దేరినట్టున్నారు.

"బండ దగ్గర నీ ఫోన్ లేదు" అంటుంది మొదటి అక్క. "మూడు నెలలు అక్కడే కూర్చున్నాను. ఇంక లాభం లేదని ఇల్లు కనుక్కుంటూ దిగొచ్చాను."

తప్పు ఆమెది కాదు. మా జీలుగువలసకి సిగ్నల్ రాదు. ఊరి వెనక కొండ మీద ఒక బండ ఉంది, దాని తూర్పు కొసన చాపంత మేర సిగ్నల్ వాలుతుంది. అందరూ రోజూ ఎక్కలేరు కనుక పైడమ్మ ఎక్కుతుంది. పొద్దున్నే గుమ్మం గుమ్మానికీ వచ్చి, ఫోన్లన్నీ తట్టలో వేసుకుని, తన మేకలతోపాటు కొండకి తోలుకెళుతుంది. మేకలు ఆకులు మేస్తాయి, ఫోన్లు మెసేజీలు మేస్తాయి. మధ్యాహ్నం రెండింటికి రెండు మందలూ దిగుతాయి. పెళ్ళిళ్ళూ చావులూ ఓటీపీలూ మాకు అప్పుడే తెలుస్తాయి. ఓటీపీ అప్పటికి చచ్చిపోయి ఉంటుంది. మిగతా రెండింటికీ అంత తొందరేం లేదు.

ఎవరి ఫోన్ మోగితే వాళ్ళ పేరు పెట్టి పైడమ్మ కొండమీంచి కేకేస్తుంది. ఆ మనిషి ఎక్కి వచ్చేదాకా అవతలివాళ్ళు పదే పదే చేస్తూ ఉండాలి. కాచుకోవడం తెలిసినవాళ్ళే మా ఊరికి ఫోన్ చేస్తారు. మా అక్కకి కాచుకోవడం రాదు. అయినా చేసింది.

మూడు నెలలుగా నా ఫోన్ తట్టలో వేయడం లేదు. వంటింట్లో బియ్యం డ్రమ్ములో ఉంది, అడుగున.

మా అక్క కూతురి గృహప్రవేశంలో, పట్టుచీరల మధ్య, అక్క నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ పరిచయం చేసింది. "మా చెల్లి విశాల. బీఎస్సీ ఫస్ట్ క్లాసు. ఇప్పుడు కొండల్లో కోళ్ళకి బోటనీ చెబుతోంది." అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఇంటికొచ్చి ఫోన్‌ని బియ్యంలో పాతిపెట్టాను. పైడమ్మ అడిగితే చెడిపోయిందన్నాను, చుట్టాలకి సిగ్నల్ లేదని కబురు పంపాను. మా ఊళ్ళో ఆ మాట అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. ఇక్కడి కాపరంలో నాకున్న ఒకే ఒక్క సుఖం అది.

ఏడూ ఇరవైకి మూడో అక్క వస్తుంది. ఏడున్నరకి నాలుగో ఆమె. చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఒక్కొక్కటి ఒక్కొక్క అక్కా కొంగులోనో తువ్వాలు కొసనో ముడేసుకుని తెచ్చింది. ఎత్తని ఫోన్లో అంతకంటే పట్టదు కాబోలు. కూర్చోగానే ముడి విప్పి, ఆ ఒక్క మాటే చెప్పి, మళ్ళీ ముడేసుకుని, కాసేపాగి మళ్ళీ విప్పుతారు.

"కోపమొచ్చిందా ఏమే?" అంటుంది రెండో అక్క.

"ఆ రోజు నేనన్నది సరదాకే" అంటుంది మూడో అక్క.

"సరదాకే అన్నానని చెప్పాక కూడా ఏమిటే ఇంకా?" అంటుంది నాలుగో అక్క.

ఐదో అక్క కొంచెం దిగొచ్చింది. "పోనీ, తప్పు నీదే అనుకో" అంటుంది. మా అక్క జీవితంలో క్షమాపణకి ఇంత దగ్గరగా రావడం నేను చూడలేదు.

మా ఆయన పొలం నించి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అరుగు వైపు చూస్తారు.

"వదినగారొచ్చారా?"

"వచ్చారు."

"ఎంతమంది?"

"ఇప్పటికి ఐదుగురు."

"భోజనానికుంటారేమో, బియ్యం ఎక్కువ పొయ్యి" అని, విత్తనాల సంచీ భుజాన వేసుకుని మళ్ళీ పొలానికి వెళ్ళిపోతారు. మా ఆయన చుట్టాల విషయంలో ఏనాడూ లెక్క అడిగిన మనిషి కాదు.

ఆరో అక్క రావడంతోనే గొంతు పట్టుకుని ఉంటుంది. "కంద తిన్నట్టు గొంతులో ఒకటే గుచ్చుడు. ఏదైనా ఆకుంటే చెప్పవే, బోటనీ చదివావుగా."

ఈసారి వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా చదువుని మా అక్క ఏదైనా అడగడం ఇదే మొదలు.

"అడ్డసరం ఆకు కషాయం కాచుకో. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఆకులతో ఆడుకోకు" అంటాను.

ఆరో అక్క నా మొహంలోకి చూస్తూ, "ఏదైనా ఆకుంటే చెప్పవే" అంటుంది.

వంగి చెవి దగ్గర చెబుతాను. మళ్ళీ అదే అడుగుతుంది. అప్పుడు నాకర్థమవుతుంది. ఎత్తని ఫోనుకి నోరుంటుంది గానీ చెవులుండవు.

పైడమ్మ తట్టతో వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. తట్టలో వీధి ఫోన్లన్నీ నిద్రమొహాలతో ఉన్నాయి.

"ఏటమ్మా, ఇంతమంది అక్కలా నీకు?"

"ఒక్కతే."

"మరి ఇన్నిసార్లేటి వచ్చినాది?"

"నేను ఫోన్ ఎత్తలేదు."

"అదా" అంటుంది పైడమ్మ, వేపచెట్టుకి గాలి తగిలిందని విన్నట్టు. "మా మరిదివి కూడా రెండు తిరగతన్నాయి ఊర్లో. సంతకాడ సూసినాను. నీ ఫోన్ సెడిపోనాదన్నావు కదమ్మా?"

నేను వంటింట్లోకి వెళ్ళి టీ నీళ్ళు ఇంకొంచెం పోస్తాను. కొన్ని ప్రశ్నలకి టీ పెట్టడమే జవాబు.

ఏడో అక్క గొంతు తిరగట్లో ఇసుక పోసినట్టుంది. ఎనిమిదో అక్క గొంతు అంతకంటే సన్నం. మా అక్క గొంతు ఎలాంటిదంటే, విజయనగరంలో మా మేడ మీద ఆమె నన్ను పిలిస్తే మూడో వీధిలో ఇంకో విశాల పలికేది. ఆ గొంతు ఇప్పుడు టీ గ్లాసు అంచు దాటడం లేదు. నేను పొయ్యి ఆర్పి, చెంబు చప్పుడు కాకుండా కింద పెట్టి వింటాను.

"ముక్క తీసి పరీక్షకి పంపారు" అంటుంది తొమ్మిదో అక్క.

పదో అక్క ముడి విప్పుతుంది. అందులో ఏమీ లేదు. ఖాళీ కొంగు చూసుకుని మళ్ళీ ముడేసుకుంటుంది.

"ఆ పేరు నేను పలకను, నువ్వే అర్థం చేసుకో" అంటుంది పదకొండో అక్క.

పన్నెండో అక్క వచ్చేసరికి అరుగు మీద చోటు లేదు. మెట్టు మీద కూర్చుని చెబుతుంది. "బుధవారం పదకొండింటికి స్వరపేటిక తీసేస్తారట. ప్రాణానికి భయం లేదుట. మాటే ఉండదుట."

గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తాను. ఈ రోజు బుధవారమే. అక్క ఉండే విశాఖపట్నం ఇక్కణ్ణించి ఐదు గంటల దూరం. గడియారంలో తొమ్మిది కావస్తోంది.

పదమూడో అక్క తొమ్మిదింటికి వస్తుంది. నిన్న రాత్రి చేసిన ఫోన్ అయ్యుంటుంది, ఆసుపత్రి వాళ్ళ నీలం గౌనులో ఉంది. నా చెయ్యి పట్టుకుంటుంది.

"ఒక్కసారి నాతో మాట్లాడవే. రేపటినించి నువ్వు మాట్లాడ్డం, నేను వినడం. ఇన్నేళ్ళూ నువ్వు కోరుకున్నది అదేగా."

అవును. కోరుకున్నాను. ఇంత శుభ్రంగా ఎవరైనా తీరుస్తారని అనుకోలేదు.

నేను చెప్పాల్సింది ఎక్కువేం లేదు. సిగ్నల్ ఉందక్కా, నేనే ఫోన్ బియ్యంలో పెట్టాను, అని చెప్పాలి. అది విని తను తిట్టాలి. ఆ గొంతుతోనే తిట్టాలి. నాకు కావలసింది అంతే.

పదమూడో అక్క చేతిని రెండు చేతుల్తో పట్టుకుని అదే చెబుతాను. ఆమె నా కళ్ళలోకి చూస్తూ "ఒక్కసారి నాతో మాట్లాడవే" అంటుంది. ఆ తర్వాత, మొత్తం అక్కల్లో ఒక్క ఆమెకి మాత్రం గౌను అంచున రెండో ముడి ఉంది, అది విప్పుతుంది.

"నా వెనకాల ఇంకొకత్తె వస్తోంది. వీడియో. మనిషి మొత్తం రావాలి కదా, బరువు, మెల్లిగా వస్తోంది. ఇంకా మోగుతూనే ఉంది. దాన్నెత్తితే వినబడుతుంది."

నేను వంటింట్లోకి పరుగెత్తి డ్రమ్ములో చెయ్యి పెడతాను. మోచేతిదాకా బియ్యం. భుజందాకా బియ్యం. మూడు నెలల్లో డ్రమ్ము లోతు పెరిగింది. పైనించి చూస్తే ఎప్పటి డ్రమ్మే, నడుమెత్తు. పైడమ్మ తట్ట దించి నా కాళ్ళు పట్టుకుంటుంది. నేను తలకిందులుగా దిగుతాను. బియ్యంలో మెత్తగా, చల్లగా ఉంది. ఒక్కో బారకీ ఒక్కో నెల తగులుతుంది. ఈ నెల బియ్యం, పోయిన నెల బియ్యం, దాని కింద గృహప్రవేశం నెల బియ్యం, కొంచెం పురుగు పట్టింది.

"అందినాదా అమ్మా?" పైనించి పైడమ్మ.

"ఇంకా లేదు."

"సెడిపోయిన ఫోన్ బియ్యంలో పెడితే బాగవుతాదంతారు. అందుకేనా?"

"అందుకే" అంటాను, నోట్లో బియ్యపు గింజలతో. ఆ లోతులో కూడా ఒక అబద్ధం చేతికి అందింది, ఫోన్ కంటే ముందే.

తర్వాత ఫోన్ అందుతుంది. వెచ్చగా ఉంది, కోడి దిగిన గుడ్డులాగా. సన్నగా వణుకుతోంది. పైకి లాగేసరికి టైము పది. మోగుతున్న ఫోన్ పట్టుకుని ఊరి బయటికి పరుగెత్తుతాను.

ఊరి బయట తారురోడ్డు పక్కన కాలవ తవ్వి ఉంది. నాలుగేళ్ళ కిందట ఇంటర్నెట్ కేబుల్ కోసం తవ్వారు. అందులో ఒకతను కూర్చుని టేపుతో ఏదో కొలుస్తున్నాడు. కాలవకి అవతల, రోడ్డు మలుపులో, మా పద్నాలుగో అక్క వస్తోంది.

నాలుగు అడుగులు వేసి ఆగిపోతుంది. నెత్తి మీద ఒక తెల్లని సున్నా తిరుగుతుంది. సున్నా ఆగితే ఇంకో నాలుగు అడుగులు. చక్రాల మంచం మీద పడుకుని ఉంది, పడుకునే నడుస్తోంది. మొహం గళ్ళుగళ్ళుగా ఉంది. కుడి చెంప వచ్చింది, ఎడమ చెంప ఇంకా వెనక మలుపులో ఉంది, తొందరగా రమ్మని కుడి చెంప దాన్ని చూస్తోంది.

నేను ఎదురు పరుగెత్తుతాను. కొంతదూరం దగ్గరవుతుంది. ఆ తర్వాత ఎంత పరుగెత్తినా మధ్యలో ఒకే దూరం మిగులుతోంది.

"అది తరగదమ్మా" అంటాడు కాలవలో అతను, తలెత్తకుండానే.

"ఎందుకు తరగదు?"

"మీ ఊరికి లైన్ వచ్చేసింది కదా."

"రాలేదు బాబూ."

"బోర్డు పెట్టినాం."

"బోర్డు వచ్చింది."

"మరింకేటి?" టేపు చుట్టి, మళ్ళీ విప్పుతాడు. "పైపు తెచ్చి ఊరి మొగలో దించినాం. తీగ తెచ్చేలోపు పైపు నేదు. ఊరోళ్ళు తలో ముక్క కోసుకెళ్ళి దండేలు కట్టుకున్నారు."

"నేనూ కోసుకున్నాను" అంటాను. "నారింజ రంగు పైపు. ఎండకి చెడదు, తుప్పు మరక పడదు. బట్టలకి చాలా బాగుంటుంది."

అతను ఒప్పుకుంటున్నట్టు తలూపుతాడు. మంచి పైపేనని అతనికీ తెలుసు. "ఎన్ని బారలమ్మా?"

"మూడు."

కాలవ మీదుగా టేపు చాచి, నా కాలి దగ్గర ఒక కొస, అక్క మంచం దగ్గర ఒక కొస పెట్టి చూస్తాడు. "మూడు బారలు" అంటాడు. "ఎవరు ఎంత కోసినారో వాళ్ళకి అంతే తగ్గతాది. పక్కోళ్ళది మీకు తగలదు. ఆ కాడికి న్యాయమే."

నాలుగేళ్ళుగా ఆ దండెం మీద ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. దుప్పట్లు, మా ఆయన పంచెలు, ఒకసారి అక్క పెట్టిన చీర కూడా. వాటిలో ఒక్కటైనా తడిగా ఉండిపోతే ఏం కొంప మునిగేది?

పదీ ఇరవై. ఆకుపచ్చ బొమ్మ నొక్కుతాను.

"అక్కా" అంటాను.

ఆ మాట నా నోట్లోంచి దిగి, కాలవలోకి జారి, కాస్త కూర్చుని, అటువైపు గట్టెక్కుతుంది. దానికి రెండు నిమిషాలు పడుతుంది. అది చేరేలోపు అటునించి ఇంకొకటి దిగుతుంది.

"హలో, వినబడుతోందా?"

అక్క గొంతు. తిరగట్లో ఇసుకైనా, అక్క గొంతే. రోడ్డు మీద కూర్చుండిపోతాను.

"వినబడుతోంది. నీకు?"

"హలో?"

"వినబడుతోందక్కా. నీకు వినబడుతోందా?"

"కనబడుతున్నావు. మాట రావట్లేదు."

"నువ్వు వినబడుతున్నావు. సగం కనబడుతున్నావు."

"ఏమిటీ?"

"సగం."

"ఏం సగం?"

"నీ మొహం."

"హలో. లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను."

"ఉన్నావా?"

బియ్యం సంగతి నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ మూడు బారల గుంత ముందు అసలు మాటని ఎవరు విడుస్తారు? వినబడుతోందని తేలాక చెబుదామని ఆగుతాను. అక్క కూడా ఏదో దాచుకుని ఆగుతోంది, కుడి చెంపలో తెలుస్తోంది. ఇద్దరం లైను బాగుపడే క్షణం కోసం లైనుని వాడేసుకుంటున్నాం.

"ఇప్పుడు వినబడుతోందా?"

"ఇప్పుడు వినబడుతోంది. ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు" అంటాను. అక్క మళ్ళీ, "వినబడుతోందా?"

పదీ యాభై ఎనిమిదికి ఎడమ చెంప మలుపు తిరిగి వచ్చి మొహంలో అమరుతుంది. నెత్తి మీది సున్నా ఆగుతుంది. గళ్ళు పోతాయి. కళ్ళ కింద మడతలు, ముక్కుపుడక తీసేసిన చుక్క, అన్నీ కనబడతాయి. లైన్ శుభ్రంగా ఉంది. నేను నోరు తెరుస్తాను. అక్క తెరుస్తుంది. ఒకరి మీద ఒకరం పడకూడదని ఇద్దరం ఆగుతాం.

"నువ్వు చెప్పు" అంటాను.

రెండు నిమిషాలకి నా మాట అవతలి గట్టెక్కుతుంది. అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంటుంది. పెదవులు కదులుతాయి. చప్పుడు రాదు. గడియారం నేను చూడను, చూడనక్కర్లేదు.

అక్క గొంతు చివరిసారి అన్న మాట "వినబడుతోందా" అనేదే. అంతకుముందు ముప్ఫై ఎనిమిది నిమిషాలూ అన్నది కూడా అదే.

కాలవలో అతను పైకెక్కి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, ఒక కాయితం నా ముందు పెడతాడు.

"లైన్ పనిచేస్తందని సంతకం పెట్టండమ్మా."

"పనిచెయ్యలేదుగా బాబూ."

"ఆవిడ మాట మీకు వినబడింది కదా?"

"వినబడింది."

"కాయితంలో అడిగింది అదొక్కటే."

సంతకం పెడతాను. బీఎస్సీ అని కూడా రాస్తాను, ఎందుకో.

మాట పోయాక అక్క తేలికైంది. మూడు బారలూ ఒక్క అంగలో దాటి, మంచం అక్కడే వదిలి, నాతో ఇంటికి నడిచి వస్తుంది. వీధిలో ఎవరూ ఏమీ అడగరు. మిగతా పదముగ్గురూ అరుగు దిగి మా ఇంటి మెట్ల మీదికి చేరారు. ముళ్ళు విప్పుతున్నారు, దులుపుతున్నారు, ఏమీ రాలడం లేదు. ఒకరి వెనక ఒకరు, ఒకరి వీపు ఒకరికి కనబడేలా కూర్చున్నారు. అందరి జుట్లూ దారి దుమ్ముకి చిక్కులు పడి ఉన్నాయి. పద్నాలుగో అక్క అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చుంటుంది.

నేను కొబ్బరినూనె, దువ్వెన తెచ్చుకుంటాను. చిన్నప్పుడు నా జడ అక్కే వేసేది. జుట్టు ఆమె గుప్పిట్లో ఉండేది కాబట్టి ఆమె చెప్పిందంతా నేను వినేదాన్ని. ఇప్పుడు జుట్టు నా గుప్పిట్లో ఉంది. ఎంతసేపైనా మాట్లాడవచ్చు. ఒక్క ముక్క తోచదు.

పై మెట్టు నించి మొదలుపెడతాను. మొదటి అక్క జుట్టులో కుంకుడుకాయ వాసన, ఆరో అక్క జుట్టులో అల్లం, తొమ్మిదో అక్క నించి ఆసుపత్రి. ఒక్కొక్కరికీ చిక్కు తీసి, నూనె రాసి, జడ వేసి, కిందికి దిగుతాను. పదముగ్గురు పూర్తవుతారు.

పద్నాలుగో అక్క వెనక కూర్చుని, నుదుటి దగ్గర దువ్వెన కొస ఆనించి పాపిడి తీస్తాను. తిన్నగా వస్తుంది. నడినెత్తి దాకా తీసినా పాపిడి ఆగదు, ఇంకా ముందుకి పోతూనే ఉంది. వంగి చూస్తాను. నల్లగా, కొత్తగా వేసిన తారు. మధ్యలో తెల్లగీత. రెండు పక్కలా జుట్టు సరుగుడు తోటలా ఊగుతోంది.

దూరంగా, నుదుటి వైపు నించి, నువ్వుగింజంత బస్సు ఒకటి వస్తోంది. మూడో కిటికీ దగ్గర నేను కూర్చుని ఉన్నాను. ఒళ్ళో సంచీ, సంచీలో అడ్డసరం ఆకు. పక్కామెని టైమెంతయిందని అడుగుతున్నాను. తొమ్మిదేనమ్మా, విశాఖపట్నం వచ్చేశాం అంటోంది ఆవిడ. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, అక్కని చూడగానే అనాల్సిన మాట పెదవుల మీద చెప్పి చూసుకుంటున్నాను.

అక్క తల కదపకుండా కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో జుట్టుని చెరో పక్కకీ పట్టుకుని, రోడ్డు మూసుకుపోకుండా చూస్తున్నాను.